జీవకణములో వాయువు వ్రాసిన గుర్తులు



కంసాలి బంగారమును పరీక్షించు నత్రికామ్లము వ్రేలిపై పడినచో చర్మము పసుపుపచ్చనగును. ఎంత కడిగినను ఆ మరక పోదు. ఆ పొర రాలి క్రొత్త చర్మము వచ్చువరకు అట్లే యుండును. కారణమేమన, ఆ ఆమ్లములోని నత్రజని చర్మమందలి మాంసకృత్తులతో, అనగా ప్రోటీనులతో కలిసి, వాని నిర్మాణమునే మార్చివైచినది. ఇది వెలుపలినుండి వచ్చిన దెబ్బ. కాని ఇట్టి నత్రజని గుర్తులు మన జీవకణములలోపల గూడ, మనకు తెలియకుండ, అనుక్షణము పడుచునే యున్నవి. కంటికి కనబడని ఆ గుర్తులను శాస్త్రజ్ఞులు ఎట్లు పట్టుకొనుచున్నారో నేడు ముచ్చటించుకొందము.

ఈ గుర్తులు వేయునది నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు. ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు కలిసిన అతి చిన్న అణువిది. చాలకాలము దీనిని వాయువును కలుషితము చేయు పొగలలోని విషముగానే లోకము ఎరుగును. 1980 సంవత్సరమున అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను శాస్త్రజ్ఞుడు కుందేలు రక్తనాళములపై పరిశోధించుచు ఒక వింత గమనించెను. నాళము లోపలి పలుచని పొర చెక్కుచెదరక యున్నచో, ఎసిటైల్ కోలిన్ అను మందు తగిలినప్పుడు నాళము సడలుచున్నది. ఆ పొరను రాచివేసినచో సడలుట లేదు. అనగా ఆ పొరనుండి ఏదియో సందేశము వెలువడుచున్నదన్నమాట. ఆ సందేశహరుడు ఈ వాయువేయని తరువాతి సంవత్సరములలో తేలెను. గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్ ఏల పనిచేయునో గూడ దీనితో తెలిసినది. ఆ మందునుండి ఈ వాయువు వెలువడునని 1977లోనే ఫెరిద్ మురాద్ కనుగొనియుండెను. ఫర్చ్‌గాట్, మురాద్, లూయీ ఇగ్నారో అను మువ్వురికిని 1998లో నోబెల్ బహుమానము లభించెను. డైనమైటు చేసి ధనవంతుడైన నోబెల్ మహాశయునకు, ఆ డైనమైటులోని నైట్రోగ్లిసరిన్‌నే వైద్యులు గుండెజబ్బునకు మందుగా చెప్పియుండిరి!

మరి ఈ వాయువు జీవకణముతో ఏ భాషలో మాటలాడును? ఒక మార్గము మాంసకృత్తులపై గుర్తు వేయుట. మాంసకృత్తు అనగా అమైనో ఆమ్లములను పూసలుగా గ్రుచ్చిన హారము. ఆ పూసలలో సిస్టీన్ అనుదానికి గంధకపు కొన యొకటి కలదు. నైట్రిక్ ఆక్సైడునుండి వచ్చిన నత్రజని, ఆమ్లజనుల జంట ఆ గంధకమునకు అంటుకొనును. దీనినే ఎస్-నైట్రోసిలేషన్ అందురు. కంసాలి వ్రేలి మరకవలె ఇది స్థిరమైనది కాదు. అవసరమునుబట్టి పడును, తీరగనే తొలగును. విద్యుద్దీపపు మీటవలె, ఈ గుర్తు పడినప్పుడు కొన్ని మాంసకృత్తులు పని మొదలిడును, కొన్ని మానును.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఈ బంధము మిక్కిలి సుకుమారము. వెలుతురు తగిలినను తెగిపోవును. పైగా, కణములోని వేలకొలది మాంసకృత్తులలో గుర్తు పడునవి కొన్నియే. చేయి వేసినచో చెరగిపోవు గుర్తును పట్టుకొనుట ఎట్లు?

2001లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున శామీ జాఫ్రీ, సాలమన్ స్నైడర్ ప్రభృతులు ఒక ఉపాయము పన్నిరి. ఒక గోడకు వంద చిలుకకొయ్యలు ఉన్నవనుకొనుడు. వానిలో అయిదింటికి మాత్రము పూలదండలు వ్రేలాడుచున్నవి. దండలు వాడిపోవునవి, నిలువవు. దండలున్న కొయ్య లేవియో శాశ్వతముగ గుర్తుంచుకొనవలెను. మొదట ఖాళీ కొయ్యలన్నిటికిని గట్టి తొడుగులు తొడిగెదము. పిమ్మట దండలు తీసివేసెదము. ఇప్పుడు ఖాళీగా మిగిలినవి దండలున్న ఆ అయిదు కొయ్యలే గదా! వానికి దీపములు తగిలించినచో దూరమునుండియు తెలియును.

వారు చేసినది సరిగా ఇదియే. గుర్తు పడని గంధకపు కొనలను మొదట ఒక రసాయనముతో మూసివేసిరి. తరువాత గుర్తులను తొలగించిరి. ఇందులకు వాడినది మన ఉసిరికలోను, నిమ్మపండులోను ఉండు సి విటమిన్! అట్లు విడుదలైన కొనలకు బయోటిన్ అను మరియొక విటమిన్‌ను అంటించిరి. కోడిగ్రుడ్డు తెల్లసొనలోని ఎవిడిన్ అను పదార్థము బయోటిన్‌ను ఉడుమువలె పట్టుకొని విడువదు. ఈ జాతి పదార్థములతో, బయోటిన్ అంటిన మాంసకృత్తులను మాత్రము వేరుచేసి, అవి యేవియో పోల్చుకొనవచ్చును.

మరి యీ సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును? మొదట ఒక్క కొన మూయక విడిచినను అబద్ధపు దీపము వెలుగును. కావున సి విటమిన్ వేయకుండ అదే పరీక్షను మరల చేసి చూతురు. అప్పుడును దీపము వెలిగినచో అది నమ్మదగినది కాదు. వెలుతురు సోకకుండ పాత్రలను కప్పి యుంచుటయు అత్యవసరము.

ఈ శ్రమ యంతయు దేనికని అడుగవచ్చును. ఇంటి పెద్దవారి చేతులు వణకుచు, నడక తడబడు పార్కిన్సన్ వ్యాధిని మనలో పలువురు చూచియుందురు. మెదడు కణములలో చెడిపోయిన మాంసకృత్తులను పారవేయుటకు గుర్తించి ఇచ్చు పార్కిన్ అను మాంసకృత్తు ఒకటి కలదు. ఈ వ్యాధితో మరణించినవారి మెదళ్ళలో పార్కిన్‌పై నైట్రిక్ ఆక్సైడ్ గుర్తులు పడియున్నవనియు, అందువలన దాని రక్షణశక్తి కుంటుపడుననియు 2004లో పరిశోధకులు ప్రకటించిరి. ఊడ్చువాని చేతులే కట్టివేసినచో ఇంట చెత్త పేరుకొనక మానునా? వ్యాధికి ఇది యొక్కటియే కారణమని కాదు. దీనివలన వ్యాధిని కుదుర్చు మందు చేతికి వచ్చినదనియు కాదు. కాని ఎచ్చట వెదుకవలెనో తెలిసినది.

ఈ పద్ధతికి ఒక లోపము కలదు. గుర్తులను చదువుటకు కణమును పగులగొట్టవలసియున్నది. మనము చూచునది ఒక్క క్షణపు చిత్తరువు మాత్రమే. బ్రతికియున్న కణములో ఈ వాయువు పుట్టినప్పుడు మిలమిల మెరయు రంగులను 1998లో జపాను శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. అవి వాయువు జాడ తెలుపును గాని, అది ఏ మాంసకృత్తును ముట్టెనో చెప్పజాలవు. ఒక పద్ధతి కాలమును చెప్పును, మరియొకటి చోటును చెప్పును. రెంటిని జతపరచి, సజీవ కణములోనే గుర్తు పడుటను, చెరగుటను కన్నులార చూడవలెనన్నదే పరిశోధకుల ఆకాంక్ష. అంతటి చిన్న వాయువు వ్రాసిన వ్రాతను పూర్తిగా చదువగలిగిననాడు, ఆరోగ్యమెక్కడ ముగిసి వ్యాధి యెక్కడ మొదలగునో మరింత స్పష్టముగ తెలియగలదు.