నక్షత్రముల నడుమ పొగజాడ



దూరమునుండి చూచువానికి ఇంటిలోని కట్టెల పొయ్యి కానరాదు. అయినను కప్పుపై లేచిన పొగను బట్టి లోపల నిప్పున్నదని గ్రహించును. కోట్లకొలది నక్షత్రముల సమూహమును గెలాక్సీ యందురు. దూరపు గెలాక్సీలలో కొత్త నక్షత్రములు పుట్టు తావులను శాస్త్రజ్ఞులు ఇట్టి జాడచేతనే వెదకుచున్నారు.

కట్టెపొగలో ఒక జాతి అణువులున్నవి. కర్బన పరమాణువులు ఆరేసి చొప్పున వలయములై, తేనెపట్టు గదులవలె ఒకదానినొకటి అంటియుండును. అంచులందు హైడ్రోజను ఉండును. వీనిని బహుచక్రీయ ఆరోమాటిక్ హైడ్రోకార్బనులందురు. వీనిలో కొన్ని కాన్సరు కలిగించునవి. వంటయింట పొగ నిలువరాదనుటకు ఇదియు నొక కారణము.

నక్షత్రముల నడుమనున్న వాయుధూళి మేఘములందును ఈ జాతి పెద్ద అణువులు విరివిగా నున్నవి. కొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రముల అతినీలలోహిత కాంతి సోకగానే అణువు మిక్కిలి వేడెక్కి కంపించును. ఆ వేడిని పరారుణ కిరణములుగా వెలువరించును. వాని తరంగ దైర్ఘ్యములు ముఖ్యముగా 3.3, 6.2, 7.7, 8.6, 11.3 మైక్రాన్లు. మీటరులో పదిలక్షలవ వంతు మైక్రాను. కంటికి కనిపించు వెలుగును ధూళి అడ్డగించును గాని, ఈ కిరణములు చాలవరకు దాటి రాగలవు.

1970 దశకమున వీనిని గుర్తించిననాడు మూలము తెలియలేదు. ఈ అణువులే మూలమని 1984, 1985 సంవత్సరములలో ఫ్రాన్సు, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. భూవాతావరణము వీనిలో కొన్నిటిని ఆపివేయును గనుక అంతరిక్ష దూరదర్శినులు అవసరమైనవి. 2003లో స్పిట్జర్, 2021లో జేమ్స్ వెబ్ ప్రయోగింపబడెను.

వెబ్ సాయమున ఎస్.పి.టి. 0418-47 అను గెలాక్సీలో 3.3 మైక్రాన్ల కిరణములను కనుగొన్నట్లు 2023లో ప్రకటించిరి. ఆ వెలుగు మనలను చేరుటకు 1200 కోట్ల సంవత్సరములకు పైగా పట్టినది. అందొక వింత తేలినది. పొగజాడ యున్న కొన్ని తావులలో నక్షత్ర జననము కానరాలేదు. నక్షత్రములు పుట్టుచున్న కొన్ని తావులలో పొగజాడయే లేదు.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. కాని ఆకాశమున తీవ్రకాంతి ఈ అణువులను చీల్చివేయగలదు. పాత నక్షత్రముల కాంతియు వీనిని వేడెక్కింపగలదు. కావున ఈ జాడ నొక్కదానినే నమ్మి నక్షత్ర జననములను లెక్కించినచో లెక్క తప్పవచ్చును. ఇతర ఆధారములతో సరిచూడవలసియున్నది. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదని ఎరిగిన మీకు ఈ జాగ్రత్త కొత్తది కాదు.