కొయ్యల మంట మన చేతిలో ఉంది, మిగతాది పోరాడి సాధించాలి
(వర్ధన్నపేటలో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆకేరుతోనే మాట మొదలుపెడదాం. ఎండాకాలం ఇసుక తేలే ఈ వాగు 2024 సెప్టెంబర్ 1న ఉప్పొంగి మహబూబాబాద్ వైపు పొలాలను ముంచింది. అంతకు ముందటేడు జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాది వానలో సగం ఒక్కనాడే కురిస్తే ఏ కట్ట ఆగుతుంది? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఆ తేమే ఇలా కుండపోతగా దిగుతోంది.

ఈ వేడికి ప్రధాన కారణం మనం కాదు. వందేళ్లకు పైగా బొగ్గు, చమురు కాల్చి ఎదిగిన సంపన్న దేశాలు, పెద్ద కంపెనీలు. అయితే మన పొలంలో మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. అవి మానుకుంటే ముందుగా లాభపడేది మనమే.

మొదటిది, కొయ్యలు కాల్చడం. అగ్గి పెడితే అందులోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. తర్వాత దాన్నే యూరియా బస్తాగా కొనుక్కుంటున్నాం. వానపాములు చస్తాయి, పశువుల మేత పోతుంది. ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి కలియదున్నితే కొయ్యలు తొందరగా మురిగి ఎరువవుతాయి.

రెండోది, నీళ్లు. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిస్తే నేలకు గాలి ఆడదు, మీథేన్ వాయువు పుడుతుంది. నాటు నిలదొక్కుకున్నాక, నీరు మట్టిలో 15 సెంటీమీటర్ల లోతుకు దిగిన తర్వాతే మళ్లీ పెడితే ఆ వాయువు సగం దాకా తగ్గుతుంది. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వొద్దు. కరెంటు ఉచితమే కావచ్చు, బోరులో నీళ్లకు లెక్క ఉంది. ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేద్దాం.

అయితే ఒక మాట. రైతు సరదాకు అగ్గి పెట్టడు. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య గడువు తక్కువ. కోత మిషన్ ఎత్తుగా కొయ్యలు వదులుతుంది, ట్రాక్టర్ కిరాయి భారం. అందుకే జరిమానాలు కాదు, మండలానికి సరిపడా గడ్డి కత్తిరించే, కట్టలు కట్టే యంత్రాలు తక్కువ కిరాయికి ఇవ్వాలని అడుగుదాం. 2020లో మన రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. వరదొచ్చి పంట పోతే కౌలు రైతుతో సహా ప్రతి ఒక్కరికీ పరిహారం అందే బీమా కావాలి. వాతావరణ నష్టాలకు నిధి పెడతామని ప్రపంచ దేశాలు 2022లో ఈజిప్టు సదస్సులో ఒప్పుకున్నాయి. ఆ డబ్బు మునిగిన మడి దాకా రావాలని కూడా గట్టిగా అడగాలి.

మన పొలంలో మంట ఆర్పితేనే పెద్ద మంట పెట్టినవాళ్లను నిలదీసే మాటకు బలం వస్తుంది. ఈ కోతకు మనలో ప్రతి ఒక్కరం కనీసం ఒక ఎకరం కొయ్యలు కాల్చకుండా దున్నుదాం. వచ్చే సమావేశంలో ఆ ఎకరం ఎలా ఉందో ఒకరికొకరం చెప్పుకుందాం.