గ్రంథాలయంలో వీడియో ఆటలా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని సంఘం అడిగితే, బడి ముందు స్వాగత ద్వారం కట్టిద్దామని ఎక్కువమంది అన్నారు. ఇంజనీరుగా చెబుతున్నాను, ద్వారం కట్టడం తేలికే. నా ప్రతిపాదన వేరు. వెల్దుర్తి పిల్లలకు ఒక గ్రంథాలయ గది, అందులో పుస్తకాలతోపాటు మూడు కంప్యూటర్లు, వాటిలో వీడియో ఆటలు. ఆ మాట అనగానే ఒక మాస్టారు నావంక చూసిన చూపు ఎనిమిదో తరగతిలో చూసిందే. కాస్త ఓపిక పట్టండి మాస్టారూ.

మన ప్రాంతంలో గ్రంథాలయం పాఠకుడి కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. జనం పడవల్లో తిరుగుతున్నారు కాబట్టి పుస్తకమూ పడవెక్కింది. ఈనాటి పిల్లవాడు అరుగుమీద, అమ్మ ఫోనులో ఉన్నాడు. అదీ ఒంటరిగా. వాణ్ణి పదిమందిలోకి తీసుకురావాలంటే ఆ ఆటనే గ్రంథాలయంలోకి తేవాలి. అమెరికా గ్రంథాలయ సంఘం 2008 నవంబరులో గ్రంథాలయాల్లో ఆటల దినం మొదలుపెట్టింది. తర్వాత అది ఇతర దేశాలకూ పాకింది.

ఏ ఆట పడితే అది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. పందెం ఎందాకా పోతుందో పల్నాటివాళ్లకు వేరే చెప్పాలా? కోళ్ల దగ్గర మొదలై కారంపూడిదాకా పోయింది.

నేను చెప్పే ఆట పేరు లువాంటి. మొన్నమొన్నటిదాకా మైన్‌టెస్ట్ అనేవారు. పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా ఫరవాలేదు. దిమ్మమీద దిమ్మ పేర్చి ఇల్లో, వంతెనో, ఊరో కట్టుకోవచ్చు. మూడు కంప్యూటర్లనూ కలిపితే ముగ్గురూ ఒకే ఊరు కట్టవచ్చు.

పిల్లలను నాగార్జునసాగర్ కట్టమందాం. గేట్లు ఎన్ని? 26 అని ఎవరో ఒకరు పుస్తకంలో చూసి చెప్పాలి. కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలితే మన మెరక భూములకు ఎందుకు రాలేదు? నీరు పల్లమెరుగు కాబట్టి. మరి పైకి తేవాలంటే? వరికపూడిశెల ఎత్తిపోతల గురించి మనం పెద్దల నోట వింటూనే పెరిగాం. ఎంత ఎత్తుకు ఎత్తాలో పిల్లలు పటం ముందేసుకుని లెక్క కట్టనీయండి. ఒక చిక్కుంది. ఆ ఆటలో ఒక్క నీటి దిమ్మ పెడితే నీరు ఎన్నటికీ అయిపోకుండా పారుతూనే ఉంటుంది. అంత అదృష్టం మనకేదీ! ఆ తేడా ఎందుకొచ్చిందని పిల్లవాడు అడిగాడా, సైన్సు పుస్తకం తీసే సమయం అదే. ఆ పుస్తకం కంప్యూటరు పక్కనే ఉండాలి, తాళం వేసిన బీరువాలో కాదు.

ఆటకు వచ్చిన ప్రతివాడూ పుస్తకం పడతాడని నేను హామీ ఇవ్వను. కొందరు ఆడి వెళ్లిపోతారు. క్యారమ్స్ ఆడి వెళ్లేవాళ్లు మన రోజుల్లో లేరా?

అసలు కష్టం కంప్యూటర్లు కాదు, మనిషి. సాయంత్రం రెండు గంటలు ఆ గదిలో కూర్చుని వంతులు వేసేవారు కావాలి. లేకపోతే బలమున్నవాడే కుర్చీ వదలడు. ఇంకో సంగతి, ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది ముందు కొడుకు చేతికే వెళుతుంది. అందుకని వారంలో రెండు రోజులు ఆడపిల్లలకే కేటాయించాలని షరతు పెడుతున్నాను. దీనిమీద బేరం లేదు.

మూడు కంప్యూటర్లూ నేను తెస్తాను. కరెంటు పని, యూపీఎస్, బల్లలు, పుస్తకాలు నిధి నుంచి రావాలి. రిటైరైన మాస్టార్లలో ఇద్దరు సాయంత్రాలు ఒప్పుకుంటే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. పేర్లు ఇవాళ భోజనాల దగ్గర రాసుకుంటాను.