నల్లజాతి ఓటు: బలమెంత, ఫలమెంత?



అమెరికా ఎన్నికల వార్తలు మన పత్రికల్లో అభ్యర్థుల చుట్టూనే తిరుగుతుంటాయి. వారిని గెలిపించిన వారికి ఆ తర్వాత దక్కినదేమిటన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ దేశపు నల్లజాతి ఓటర్ల విషయంలో ఆ ప్రశ్ననే నేడు మీ ముందుంచదలచాము.

జాతి, వర్ణాల కారణంగా ఓటుహక్కును నిరాకరించరాదని 1870లోనే అమెరికా రాజ్యాంగానికి 15వ సవరణ వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ హక్కును బాహాటంగా కాదనకుండానే కాజేశాయి. ఓటు వేయాలంటే పన్ను కట్టాలన్నాయి, అక్షరాస్యతా పరీక్ష నెగ్గాలన్నాయి. పరీక్ష పెట్టేది శ్వేతజాతి అధికారి. ఎవరు నెగ్గుతారో వేరే చెప్పాలా? 1964 నాటికి మిసిసిపీలో ఓటర్ల జాబితాకెక్కిన నల్లజాతి వయోజనులు నూటికి 7గురైనా లేరు. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద ఓటుహక్కు కోసం నడిచినవారిని పోలీసులు లాఠీలతో చితకబాదారు. ఆ ఆగస్టులోనే ఓటుహక్కుల చట్టం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి మిసిసిపీలో ఆ సంఖ్య 60 శాతానికి చేరువైంది.

ఆ చట్టంలోని పదును ఒక్క నిబంధనలో ఉండేది. వివక్ష చరిత్ర గల రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి పొందాలి. ఆ రాష్ట్రాలేవో నిర్ణయించే సూత్రాన్ని 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో కొట్టివేసింది. తీర్పు వెలువడిన రోజే టెక్సాస్ తన గుర్తింపు కార్డుల చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. ఆ చట్టం ప్రకారం తుపాకీ లైసెన్సు చూపితే ఓటు వేయవచ్చు, విద్యార్థి కార్డు చూపితే వీలుకాదు!

ఇన్ని అడ్డంకుల నడుమ కూడా ఈ ఓటు బలం స్వల్పమేమీ కాదు. 2020 ఫిబ్రవరిలో అయోవాలో నాలుగవ, న్యూహాంప్‌షైర్‌లో ఐదవ స్థానానికి పడిపోయిన బైడెన్‌ను నిలబెట్టినది దక్షిణ కరొలైనా నల్లజాతి ఓటర్లే. అక్కడి నల్లజాతి నాయకుడు జేమ్స్ క్లైబర్న్ ఊరకే మద్దతు ఇవ్వలేదు. సుప్రీంకోర్టుకు నల్లజాతి మహిళను నియమిస్తామని బహిరంగంగా మాట ఇమ్మని ఒత్తిడి చేశారు. బైడెన్ ఇచ్చిన ఆ మాట 2022లో కేతాంజీ బ్రౌన్ జాక్సన్ నియామకంతో నెరవేరింది.

అయితే ఒక పదవి వేరు, కోట్లాది మంది హక్కు వేరు. మాల్కం ఎక్స్ 1964 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ ప్రసంగంలో ఇదే నిలదీశారు: నల్లజాతి ఓట్లతో అధికారానికి వచ్చిన పార్టీ వారి పనిని అన్నిటికంటే చివరకు ఎందుకు నెడుతోంది? ఒక పార్టీ ఈ ఓట్లు ఎలాగూ తనవేనన్న ధీమాతో ఉంటుంది. రెండవది ఎలాగూ రావని అడగడమే మానుకుంటుంది. ‘ఓటు బ్యాంకు’ అన్న నింద మోస్తున్న మనకు ఈ స్థితిని విడమరచి చెప్పనక్కరలేదు.

2024లో నల్లజాతి యువకులు కొందరు డెమోక్రాట్లకు దూరమైతే పలువురు విస్తుపోయారు. ఇంటి అద్దెలు, సరుకుల ధరలు, పోలీసుల దౌర్జన్యం, శ్వేతజాతి స్త్రీలకంటే దాదాపు మూడు రెట్లుగా ఉన్న నల్లజాతి స్త్రీల ప్రసూతి మరణాలు — ఇవి ఎన్నికల వేళ మాత్రమే గుర్తుకొచ్చే విషయాలైతే విసుగు పుట్టదా? ఆ విసుగును కృతఘ్నత అనడం అన్యాయమని మేము భావిస్తున్నాము. సెల్మాలో తల పగిలిన జాన్ లూయిస్ ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉండి 2020లో కన్నుమూశారు. కోర్టు తీసివేసిన రక్షణను తిరిగి నిలబెట్టేందుకు ఆయన పేరనే తెచ్చిన బిల్లు 2021లో ఆ సభ దాటింది. సెనేట్ మాత్రం దాటలేదు. నేటికీ చట్టం కాలేదు.