విమానవిహారుల ధర్మము



జీవనోపాధికై కాక కేవలము వేడుకకై ఆకాశమున విహరించువారు మన దేశమునను కలరు. ఫ్లయింగు క్లబ్బులలో శిక్షణ పొంది చిన్న విమానములు నడపువారు కొందరు. గ్లైడరులపై, మోటారు కట్టిన పారాచూటులపై ఎగురువారు మరికొందరు. ఇది ధైర్యమును, నేర్పును కోరు విద్య. దానిని నేను నిందింపను. కాని ఆ యంత్రము కూలి, నేలమీద తన పనిలో తానున్న మనుష్యునకు హాని కలిగినప్పుడు, నడపినవాని ధర్మమేమి? ఈ ప్రశ్ననే నేడు విచారింతము.

నర్సింహులపేట వంటి పల్లెలకు ఇది సంబంధింపని విషయమని తలపరాదు. వరంగల్లు చెంత మామునూరులో నిజాము కాలమున నిర్మించిన విమానాశ్రయమును పునరుద్ధరించుటకు 2025లో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చినది. నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములోని తుంగతుర్తి వద్ద 2022 ఫిబ్రవరి 26వ తేదీన ఒక చిన్న శిక్షణ విమానము పొలములలో కూలినది. ఒంటరిగా నడపుచున్న శిక్షణార్థిని మరణించెను. అంతకు పూర్వము 2010 మార్చి 3వ తేదీన, బేగంపేటలో విమాన ప్రదర్శన జరుగుచుండగా, నౌకాదళమునకు చెందిన కిరణ్ విమాన మొకటి బోయినపల్లిలో ఇండ్ల నడుమ కూలినది. అందలి యిరువురు అధికారులు మరణించిరి. క్రిందనున్న వారిలో కొందరు గాయపడిరి. వీరెవ్వరును వేడుకకై ఎగిరినవారు కారు. ఒకరు విద్యకై, ఇరువురు విధికై ఎగిరిరి. ఐనను మీద విమానము పడిన వానికి ఈ భేదముతో పనిలేదు.

ఎగురువాడు అపాయము నెరిగియే దానిని స్వీకరించెను. కల్లములో మిరపకాయలు ఎండబోయు అవ్వ స్వీకరింపలేదు. ఆమె సమ్మతి నెవ్వరును అడుగలేదు. వేడుక ఒకరిది, అపాయము మరియొకరిది కారాదు. నేను చెప్పబోవు నాలుగు ధర్మములకును ఇదియే మూలము.

మొదటిది ప్రాణరక్షణ. నడపినవాడు లేచి నిలువగలిగినచో, తన విమానము మాట మరచి, గాయపడినవారు కలరేమో మొట్టమొదట చూడవలెను. పెట్రోలు అంటుకొను భయ మున్నందున జనమును దూరముగా నుంచి, 108కి కబురు చేయవలెను.

రెండవది సత్యము. ప్రమాదవార్తను విమానయాన అధికారులకు ఇరువదినాలుగు గంటలు మించకుండ తెలుపవలెననియు, జిల్లా మేజిస్ట్రేటునకును సమీపమందలి పోలీసు ఠాణాకును తెలియజేయవలెననియు 2017 నాటి విమాన ప్రమాద విచారణ నియమములు విధించినవి. అనుమతి లేక శకలములను కదలింపరాదు. ఐతే మనుష్యులను గాని పశువులను గాని వెలికిదీయుటకును, అగ్నివలన నాశము కాకుండ కాపాడుటకును, ప్రజలకు అపాయము తొలగించుటకును కదలింపవచ్చును. రాత్రికి రాత్రి విరిగిన రెక్కలను లారీ కెత్తించి పోవుట విచారణకు ద్రోహము చేయుటయే.

మూడవది నష్టపరిహారము. ఒకని యెద్దు మరియొకని చేను మేసినచో, యజమాని నిద్రించెనా, పలుపు తెగెనా యని పెద్దలు తర్కింపరు. మేసిన పంటకు సొమ్ము కట్టింతురు. ఆకాశ విషయమునను ఇదే న్యాయము. విమానము వలన నష్టము కలిగెనని రుజువైన చాలును, నడపినవాని తప్పు రుజువు చేయ నక్కరలేదని 1952లో రోము నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక చెప్పినది. అన్ని దేశములును దాని నంగీకరింపలేదు. ఐనను ఆ సూత్రము ధర్మసమ్మతము. కావున తగిన బీమా లేనివాడు గ్రామములమీదుగా విహరింపరాదు.

నాలుగవది మాట. నోరు మెదపిన నేరము నంగీకరించినట్లగునని చెప్పు సలహాదారులు కలరు. కారణములను విచారణాధికారులకే విడువవచ్చును. కాని పరామర్శ నేరాంగీకారము కాదు. చావు జరిగిన యింటి గడప త్రొక్కి రెండు మాటలు చెప్పుటకు కోర్టు తీర్పు రానక్కరలేదు. ఇంగ్లండులోని షోర్‌హామ్‌లో 2015 ఆగస్టు 22వ తేదీన ప్రదర్శన విమానము రహదారిపై కూలి, నేలమీది వారు పదునొకండుగురు మరణించిరి, నడపినవాడు బ్రతికెను. 2019లో న్యాయస్థానము అతనిని నిర్దోషిగా విడిచినది. 2022లో మరణవిచారణ ఆ చావులు చట్టవిరుద్ధమైన హతములని తేల్చినది. ఆ కుటుంబములు ఏడేండ్లు వేచియుండవలసివచ్చెను. న్యాయస్థానముల నడక అట్టిది. మనుష్యుడు మనుష్యునకు చెప్పవలసిన మాట అంతకాలము ఆగరాదు. తోటి వైమానికులును తమ క్రీడకు అపకీర్తి వచ్చునని చింతించుటకు ముందు గాయపడినవారిని తలపవలెను.

ఇక గ్రామపెద్దల విధియు కొంత కలదు. అట్టి ఆపద వచ్చినచో పిల్లలను చేరనీయకుడు; పొగ త్రాగువారిని దూరముగా నుంచుడు. తెగిన విద్యుత్తు తీగెల నంటనీయకుడు. వింతకై యొక్క ముక్కనైనను ఇంటికి కొనిపోనీయకుడు. బ్రతికిన వైమానికునిపై చేయిచేసికొననీయకుడు. అతడును గాయపడిన మనుష్యుడే. పంట, పశువు, ఇల్లు, వీనికి కలిగిన నష్టమును అధికారుల సమక్షమున పంచనామాలో వ్రాయింపుడు. వ్రాతలేని నష్టమునకు పరిహారము రాబట్టుట కష్టము.

ఎగురవద్దని మన మెవ్వరిని అనము. ఎగురునప్పుడు క్రింద పల్లె యొకటి యున్నదని తలపుడనియే కోరుదుము. సెలవు.