ఏ పట్టము దేనికి?

(ఒంగోలు పఠనమందిరమున యువజనుల సభలో చేసిన ఉపన్యాసము)



గతమాసమున ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా కచేరీకి వచ్చి, ఎకరమున్నర శనగభూమికి క్రయ అగ్రిమెంటు వ్రాసిపెట్టుమని కోరెను. అప్పుల బాధయా యని అడిగితిమి, కాదనెను. ఆడపిల్ల పెండ్లియా యని అడిగితిమి, అదియు కాదనెను. "పిల్లవాణ్ణి హైదరాబాదులో మేనేజిమెంటు డిప్లొమాలో చేర్పించాలండీ, ఫీజు కట్టాలి" అనెను. ఆ డిప్లొమా ఏ పనికి చెల్లునని కుమారుని అడిగితిమి. "మంచి స్కోపు ఉందంటున్నారండీ" అని అతడు బదులు చెప్పెను. ఎవరనుచున్నారని మరల అడుగగా, ఆ డిప్లొమాను అమ్ముచున్నవారే యని తేలెను.

మేము న్యాయవాదులము. పత్రము వ్రాసినచో మాకు రుసుము వచ్చును. అయినను ఆనాడు మాకు చేయి రాలేదు. ఒక వారము ఆగుడని చెప్పి పంపితిమి. ఈ గ్రంథాలయ సేవలో మాతోపాటు తిరుగు మిత్రులు యువజనులకు ఏదేని చెప్పవలసినదని మమ్ము పిలిచినపుడు ఆ తండ్రీకొడుకుల ముఖములే మా కన్నులయెదుట నిలిచినవి.

స్కోపు అను మాట నేడు మన యిండ్లలో జాతకచక్రమంత పని చేయుచున్నది. ఒకప్పుడు ఇంజనీరింగునకు స్కోపు, పిమ్మట ఎం.సి.ఏ.కు స్కోపు, ఆపై అమీరుపేటలో ఏ బోర్డు క్రొత్తగా వ్రేలాడిన దానికి స్కోపు. నలుగురితో పాటు నారాయణా యనుట భజనకు చెల్లునుగాని, పొలము పోయిన పిమ్మట ఆ నలుగురిలో ఎవ్వరును వచ్చి మన బ్యాంకు కిస్తు కట్టరు.

మేము చెప్పదలచినది ఒక్కటే. పట్టము కొనుటకు ముందు, తాము నడువగోరు దారిలో ఏ తలుపు మూసియున్నదో కనుగొనవలెను. ఆ తలుపును ఏ పత్రము తెరచునో దానినే సంపాదింపవలెను. కావున కొంత పని ముందు, పట్టము తరువాత. మనవారు దీనిని తలక్రిందులు చేసినారు.

ఈ జిల్లాకు 1972లో ఎవరి పేరు పెట్టుకొంటిమో, ఆ ప్రకాశం పంతులుగారి చరిత్రయే మనకు దగ్గరి దృష్టాంతము. తల్లి సుబ్బమ్మగారు ఈ యొంగోలులోనే పూటకూళ్లిల్లు నడపి బిడ్డలను పెంచినది. పంతులుగారు రెండవ తరగతి ప్లీడరుగా రాజమహేంద్రవరమున వృత్తి సాగించి, పేరును ధనమును గడించి, పురపాలక సంఘమునకు అధ్యక్షులు కూడ నైరి. పనితనమునకు లోటు లేదు, కక్షిదారులకు కొదువ లేదు. కాని ఆనాటి నియమముల ప్రకారము రెండవ తరగతి ప్లీడరు పై కోర్టులలో వాదింపరాదు. ఆయనకు అడ్డుపడినది తెలివి కాదు, సన్నదు. అడ్డము ఎచ్చట నున్నదో వృత్తిలో దిగిన పిమ్మటనే వారికి తెలిసెను. 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిష్టరై, 1907 నాటికి మదరాసున వృత్తి ప్రారంభించిరి. కావలసిన పత్రము ఏదో దానినే తెచ్చుకొనిరి, మరియొకటి కాదు. 1921లో సహాయ నిరాకరణమున ఆ సంపాదననంతటిని విడిచివేసిరి. అది వేరొకనాడు చెప్పుకొనదగిన కథ.

ప్లీడర్లలోని ఆ తరగతులు 1961 నాటి అడ్వకేట్ల చట్టముతో పోయినవి. తలుపులు మాత్రము పోలేదు, చోటు మారినవి.

దీనికి ఎదుటి దృష్టాంతమునకు మహాత్ముని కడకే పోవలెను. కుటుంబహితుడొకడు వారి యింట లెక్క చెప్పెను: బి.ఏ.కు నాలుగైదేండ్లు పట్టును, చేతికి వచ్చునది అరువది రూపాయల యుద్యోగము. బారిష్టరీ మూడేండ్లలో ముగియును. లెక్కలో తప్పు లేదు. 1888లో వెళ్లిన గాంధీగారు 1891లో బారిష్టరై తిరిగివచ్చిరి. బొంబాయిలో ముప్పది రూపాయల ఫీజుకు పుచ్చుకొన్న మొదటి చిన్న కేసులో సాక్షిని ప్రశ్నింపలేచి, తల తిరిగి, మాట రాక కూర్చుండిపోయి, కేసు వదలుకొనిరి. పిమ్మట ఒక ఉన్నత పాఠశాలలో దినమునకొక గంట ఇంగ్లీషు చెప్పుటకు డెబ్బదియైదు రూపాయల జీతమని ప్రకటన చూచి దరఖాస్తు పెట్టిరి. మీరు పట్టభద్రులా యని పాఠశాలవారడిగిరి. కాదనగా, అక్కరలేదని పంపివేసిరి. లండను మెట్రిక్యులేషను ఉన్నది, లాటిను ఉన్నది, బారిష్టరీ ఉన్నది. ఆ తలుపు అడిగినది మాత్రము బి.ఏ. ఇదంతయు వారే తమ ఆత్మకథలో దాచక వ్రాసికొన్నారు. సన్నదు చేతికి వచ్చినంత మాత్రమున పని రాదు. ఒకచోటి సన్నదు మరియొకచోట చెల్లదు.

ఈ రెండవ సంగతి 2023లో వేలాది ఉపాధ్యాయ విద్యార్థుల నెత్తిపై పడినది. పెద్ద పట్టము చిన్న పట్టమును మ్రింగివేయునని మనవారి నమ్మకము. ఒకటి మొదలు అయిదవ తరగతి వరకు చెప్పుటకు ఏర్పడినది రెండేండ్ల డి.ఎడ్. డిప్లొమా, పై తరగతులకు బి.ఎడ్. అయినను 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బి.ఎడ్. వారిని కూడ ప్రాథమిక తరగతులకు అనుమతించెను. 2021లో రాజస్థాన్ హైకోర్టు ఆ అనుమతిని కొట్టివేసెను. 11 ఆగస్టు 2023న సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. చిన్నబిడ్డలకు అక్షరము నేర్పు విద్య వేరు, పెద్దపిల్లలకు శాస్త్రము చెప్పు విద్య వేరని అందలి సారాంశము. సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని కొలువు కొరకై బి.ఎడ్. చదివి కూర్చున్నవారి గతి ఏమైనదో మీ వీధులలోనే విచారింపుడు. వారి పట్టము చిన్నదై కాదు, ఆ తలుపుది కాక చెల్లలేదు.

చట్టము అడుగు పత్రములు కొన్ని, లోకము మెచ్చు పత్రములు కొన్ని, గోడకు మాత్రమే పనికివచ్చునవి మరికొన్ని. మొదటివానిని మనవారు చిన్నచూపు చూచుచున్నారు. విద్యుత్ పని చేయువానికి వైర్‌మన్ పర్మిట్టు, బాయిలరు నడపువానికి దాని సర్టిఫికెట్టు, మందుల దుకాణమునకు డి.ఫార్మసీ చదివి ఫార్మసీ కౌన్సిలున నమోదైన పత్రము, ఇవి లేనిదే చట్టము ఆ పనిని చేయనీయదు. రెండేండ్ల చదువే యైనను, తన యూరిలో తన దుకాణము తెరచుకొను హక్కును డి.ఫార్మసీ యిచ్చుచున్నది. చదువు పెద్దదైన యెం.బి.ఏ. ఆ హక్కునీయదు. ఇచ్చట ఒక మాట చెప్పక తీరదు. ఆ పత్రమును నెలకింతయని అద్దెకిచ్చి తాము మరియొకచోట కొలువు చేయువారు కలరు. దుకాణపు గోడపై ఒకరి పేరు, మందు ఇచ్చు చేయి మరియొకరిది. తప్పు మందు పడి రోగి ప్రాణము మీదికి వచ్చిననాడు కోర్టు వెదకునది గోడపైని పేరునే. కొన్ని నెలల అద్దెకు ఆశపడి యావజ్జీవపు సన్నదును పోగొట్టుకొనుట తెలివిగాదు.

మా పొరపాటును కూడ చెప్పుకొందుము. న్యాయవాదిగా నమోదైన తొలి యేండ్లలో మాకు కక్షిదారులు లేరు. పట్టములు చాలకనే రాలేదని తలచి, తపాలా ద్వారా చదువు చెప్పు ఒక సంస్థకు డబ్బు కట్టి రెండు డిప్లొమాలు తెచ్చుకొంటిమి. పేరు చివర అక్షరములు పెరిగినవి. విజిటింగు కార్డు కొంచెము వెడల్పు చేయించితిమి. మా సీనియరుగారు దానిని చేతపట్టుకొని చాలసేపు చూచి, "ఈ అక్షరాలు ఏ కోర్టులో దాఖలు చేస్తారండీ?" అనిరి. అటుపిమ్మట వారే మా కట్టలు తిరుగవేసి, మీకు రానిది చట్టము కాదు, పొలము అని చెప్పిరి. నిజమే. ఈ జిల్లాలో వచ్చు దావాలలో హెచ్చు భాగము గట్టుతగాదాలు. మాకు అడంగలు చదువరాదు, డైగ్లాటు రాదు, ఎఫ్.ఎం.బి. పటములోని కొలతలు అసలే రావు. ఒక విశ్రాంత సర్వేయరుగారి అరుగుపై ఆరుమాసములు సాయంకాలములు కూర్చుండి నేర్చుకొంటిమి. దానికి వారు పత్రమేమియు ఇయ్యలేదు. కక్షిదారులు వచ్చుట మాత్రము అప్పటినుండియే.

జూనియరు సివిలు జడ్జి పరీక్షకు న్యాయవాదిగా మూడేండ్ల అనుభవము అక్కరలేదని 2002లో ఏర్పడిన పద్ధతిని సుప్రీంకోర్టు 20 మే 2025న మార్చి, ఆ మూడేండ్లను మరల విధించినది. లా కళాశాలనుండి తిన్నగా న్యాయపీఠముపై కూర్చుండవలెనని కోచింగునకు డబ్బు కట్టినవారికి ఇది కష్టముగనే తోచినది. ఆడపిల్లలకును, బీదలకును ఈ మూడేండ్లు గడచుట యెట్లను ప్రశ్న న్యాయమైనదే. జూనియర్లకు వేతనమీయని మా వృత్తివారు దానికి సమాధానము చెప్పవలెను. అయినను కోర్టు ముఖము చూడనివాడు తీర్పు వ్రాయరాదన్న మాటను మేము కాదనలేము.

మా గుమాస్తా కథ వేరు. పదవ తరగతితో చదువు మాని, పెద్దవాడైన పిదప ఇంటరు లేకయే సార్వత్రిక విశ్వవిద్యాలయ ప్రవేశమున చేరి, రాత్రులు చదివి బి.ఏ. నెగ్గినవాడు. కోర్టు పద్ధతులు మాకన్న నతనికే బాగుగ తెలియును. లా చదువబోగా, బార్ కౌన్సిలు 2008 నాటి న్యాయవిద్యా నియమములను చూపిరి: ఇంటరు మెట్టు ఎక్కక తిన్నగా పొందిన సార్వత్రిక పట్టముతో లా కోర్సున చేరరాదు. పట్టము దొంగది కాదు, చదువు దొంగది కాదు. చేరునాడు ఆ యొక్క వాక్యమును అతనికి చదివి చూపువారు లేరు. నేటికిని మా గుమాస్తాగనే యున్నాడు.

చదివి చూపువారు కావలెను, అందుకే పఠనమందిరములు. యు.జి.సి. చట్టము 1956, ఇరువదిరెండవ సెక్షను ప్రకారము పార్లమెంటో రాష్ట్ర శాసనసభయో చట్టముచే నెలకొల్పిన విశ్వవిద్యాలయము, లేక కేంద్రము ఆ హోదానిచ్చిన సంస్థ, లేక పార్లమెంటు ప్రత్యేకముగ అధికారమొసగిన సంస్థ తప్ప మరెవ్వరును డిగ్రీ ఈయరాదు. నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను యు.జి.సి. వారే ప్రకటించుచున్నారు. డిగ్రీ యను మాట వాడక డిప్లొమా, ఫెలోషిప్పు, ఎగ్జిక్యూటివు ప్రోగ్రాము అని ఎందుకు వ్రాయుచున్నారో ఇప్పుడు మీకు బోధపడియుండును. "అంతర్జాతీయ గుర్తింపు" అని అచ్చువేసినచో, ఏ దేశమున ఏ సంస్థ గుర్తించెనో వ్రాతపూర్వకముగ అడుగుడు, నోటిమాట చాలదు. కొన్ని సాంకేతిక ధ్రువపత్రములకు మూడేండ్ల గడువే యుండును. మరల డబ్బు కట్టి మరల పరీక్ష వ్రాయవలెను. అసలు సర్టిఫికెట్లను తమయొద్ద నుంచుకొనరాదనియు, గడువులోపల మానుకొన్నవారికి ఫీజు తిరిగి యియ్యవలెననియు 2018లో యు.జి.సి. విశ్వవిద్యాలయములకును, వాని అనుబంధ కళాశాలలకును ప్రకటన చేసియున్నది. ఆ ప్రకటన ప్రతిని చూపినంతనే బీరువా తాళము తెరచుకొన్న సంఘటనలు మేమెరుగుదుము.

ఇక మొదట చెప్పిన పిల్లవాడు. వారము గడచిన పిమ్మట తండ్రీకొడుకులు మరల వచ్చిరి. ఈమారు పిల్లవానిని డిప్లొమా సంగతి అడుగలేదు; ఇంతవరకు ఏ పని చేసితివని అడిగితిమి. బి.కాం. చదువుచుండగా రెండు వేసవులు శనగల శీతల గిడ్డంగిలో లెక్కలు వ్రాసినాడట. ఆ పని నచ్చినదట. సంవత్సరాంతమున ఆడిటరుగారు వచ్చి తాను వ్రాసిన లెక్కలపై సంతకము చేసి పోవుచుండగా చూచుచు నిలుచుండెడివాడట. మాకు నవ్వు వచ్చినది; మూసియున్న తలుపును వాడు రెండేండ్లు కన్నులార చూచినాడు, ఎవరును ఇది తలుపని చెప్పలేదు.

బి.కాం.లో నూటికి యేబదియైదు మార్కులు వచ్చినవారు చార్టర్డు అకౌంటెన్సీలో ఫౌండేషను పరీక్ష అక్కరలేక తిన్నగా ఇంటర్మీడియెటు మెట్టున చేరవచ్చును. ఆ సంస్థ 1949 నాటి చట్టముచే నేర్పడినది. ఆడిటు సంతకపు హక్కు దాని సభ్యులది. అందు ఫీజు భూమి అమ్మవలసినంత కాదు. ఆడిటరు క్రింద శిక్షణ మూడేండ్లుగా నుండినది, 2023 పద్ధతిలో రెండేండ్లయినది. ఆ కాలమున కొంత భత్యము వచ్చును. అపాయమంతయు కాలముది. పరీక్షలు కఠినము, చాలమంది ఏండ్ల తరబడి చివరి మెట్టుపై నిలిచిపోవుచున్నారు. ఈ మాటను తండ్రికి దాచక చెప్పితిమి. పిల్లవాడు ఇంకను నిశ్చయము చేసికొనలేదు. ఒక ఆడిటరుగారి కచేరీలో మూడు మాసములు కూర్చుండి చూచెదనన్నాడు. క్రయ అగ్రిమెంటునకు తెచ్చిన స్టాంపు కాగితము వ్రాయకయే మా బల్లసొరుగులో నున్నది.

ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు మేమును, ఇద్దరు ఉపాధ్యాయ మిత్రులును ఈ మందిరముననే యుందుము. ఎందైన చేరదలచినవారు ప్రవేశ ప్రకటనను, ఫీజు వివరమును తెచ్చుకొనుడు, కలిసి చదివెదము. డబ్బు కట్టక ముందే రండు.