కట్టేస్తే పోలా?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పులు, కుట్టుమిషన్ల లెక్కలు కార్యదర్శి గారు చదివారు. ఆ జాబితా చివర "కోర్టు ఖర్చులు – 2,150 రూపాయలు" అని ఒక పద్దు ఉంది. దాతల్లో ఇద్దరు ముగ్గురు దాని మీద వేలు పెట్టి అడిగారు. అడగాల్సిందే. అది మా మాట మీద పడిన పద్దు కాబట్టి జవాబు మేమే చెప్పాలి.

ఎక్సెల్ బండి మీద దుప్పట్లు పెట్టుకుని ఊరూరా అమ్ముకునే భాయి ఒకరున్నారు. వాళ్ళబ్బాయి మా బడిలో ఎనిమిదో తరగతి. ఆయన ఫోనుకు ఇ-చలానా వచ్చింది. ముగ్గురెక్కి బండి నడిపారట, 1,000 రూపాయలు. ఆ బండి మీద మూటలు కట్టాక ఆయన కూర్చోవడానికే చోటు చాలదు. చలానా పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. మేమేమన్నామో దాచడమెందుకు? "దీనికోసం కోర్టు చుట్టూ ఏం తిరుగుతారు భాయ్, కట్టేస్తే పోలా? సొసైటీ నుంచి ఇప్పిస్తాం" అన్నాం. ఆయన తలూపి వెళ్ళారు. డబ్బు మంజూరయ్యేలోపే మరో రెండు చలానాలు వచ్చాయి. అదే కూడలి, అదే నేరం.

అప్పుడు గానీ చలానాలోని ఫొటో తెరిచి చూడలేదు మేము. బడి కంప్యూటర్లో పెద్దది చేస్తే అది ఎక్సెలే కాదు, మోటారు సైకిలు. నంబరు ప్లేటు మీద చివరి అంకె 3. పక్కనే బోల్టు తల ఉండడంతో 8 లాగా కనిపిస్తోంది. ఇన్నేళ్ళుగా పిల్లల అంకెలు దిద్దుతున్నవాళ్ళం, మొదటి రోజే చూడాల్సింది.

చట్టం కూడా తీసి చదివాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194-సి సెక్షను ఉంది. ముగ్గురెక్కితే 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అని అందులో రాసి ఉంది. చేయని నేరాన్ని మన డబ్బుతో ఒప్పించి, ఆయన లైసెన్సు మీదికి తెచ్చేవాళ్ళం.

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, బదులు లేదు. తర్వాత సమన్లు వచ్చాయి. "మా ఇంట్లో ఎవరూ కోర్టు గడప తొక్కలేదు సార్. చూసినవాళ్ళు ఏం కేసో అనుకుంటారు" అన్నారాయన. ఆ భయం ఎలాంటిదో ఈ సభలో విడమరిచి చెప్పనక్కర్లేదు. వెంట మేమూ వస్తామన్నాకే ఒప్పుకున్నారు.

వకీలుకు ఫీజు ఇవ్వలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద, నిర్ణీత ఆదాయానికి లోపు ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. స్త్రీలకైతే ఆదాయంతో పనే లేదు. ఫోను నంబరు 15100, రాసుకోండి. కోర్టు ఆవరణలోనే ఉన్న ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం.

మొదటి వాయిదా రోజు అటెండరు ఆయన పేరును ఎంత వంకరగా పిలిచాడంటే, రెండుసార్లు పిలిచినా అది తన పేరని ఆయనకు తట్టలేదు. మేమే మోచేత్తో పొడిచాం. ముందు పిలిచిన వాళ్ళంతా ఒప్పుకుని, జరిమానా కట్టి, పది నిమిషాల్లో బయటపడ్డారు. నేరం ఒప్పుకుంటారా అని ఈయన్నీ అడిగారు. ఆయన మా వైపు చూశారు. కోర్టులో సైగ చేయకూడదు కదా, మేము నేల చూపులు చూశాం. చివరికి "ఒప్పుకోను సార్, ఆ బండి నాది కాదు" అన్నారు.

రెండో వాయిదాకు అవతలివాళ్ళ కాగితాలు రాలేదు. మూడో వాయిదాకు అసలు ఆర్‌సీ, బండిని నాలుగు వైపులా తీసిన ఫొటోలు, చలానాలోని బొమ్మ పెద్దది చేసిన ప్రింటు ఇచ్చాం. మేజిస్ట్రేటు గారు రెండు నిమిషాలు చూశారేమో. రెండు కేసులు కొట్టేశారు.

ఇక 2,150 లెక్క. మూడు వాయిదాలకు మూడు రోజుల బేరం పోయింది. రోజుకు 600 చొప్పున 1,800. ఫొటోలు, జిరాక్సులు, ఆటో కలిపి 350. సాధారణ విరాళాల నుంచే ఇచ్చాం, జకాత్ నిధి ముట్టుకోలేదు. ఆ 600 చేతికి రాకపోతే రెండో వాయిదాకే ఒప్పేసుకుని కట్టేసేవాణ్ణని ఆయనే మాతో అన్నారు.

ఇది విని మరొకాయన వచ్చారు. ఫొటోలో ఆయన పదహారేళ్ళ కొడుకు, బండి తోలుతూ నవ్వుతున్నాడు కూడా. కోర్టుకు రామన్నాం. మైనరుకు బండిస్తే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా అని 199-ఎ సెక్షను చదివి వినిపించాం. ఆయనకు కోపం వచ్చింది. ఈ ఏడు చందా రాలేదు.

దుప్పట్ల భాయి మూడో చలానా వాయిదా వచ్చే నెలలో ఉంది. ఆ 600 వచ్చే ఏడాది లెక్కలో కనబడుతుంది.